రాజోలు నుంచి మారేడుమిల్లి జలపాతాలకు వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

కార్తీకమాసం వచ్చినా, సంక్రాంతి సెలవులు వచ్చినా కోనసీమ ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "ఈసారి మారేడుమిల్లి వెళ్లొద్దామా?" హైదరాబాద్, విశాఖపట్నం నుంచి పండక్కి ఊరు వచ్చినవాళ్లు ఈ మాట మరీ ఎక్కువగా అంటారు. రాజోలుకు గోదావరి ఉంది. దిండిలో బోటు షికారు ఉంది. అంతర్వేదిలో సముద్రం ఉంది. లేనిది కొండ ఒక్కటే. కొండ మీద నుంచి దూకే నీటిని చూడాలంటే రంపచోడవరం, మారేడుమిల్లి మన్యం దాకా వెళ్లాల్సిందే.

దూరం ఎక్కువేమీ కాదు. తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి ముందే మారేడుమిల్లి చేరుకోవచ్చు. కానీ ఈ ప్రయాణాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2024 సెప్టెంబరు 22న ఏలూరు నుంచి విహారానికి వచ్చిన వైద్య విద్యార్థుల బృందం మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో దిగింది. ఒక్కసారిగా పెరిగిన ప్రవాహంలో అయిదుగురు కొట్టుకుపోయారు. ఇద్దరిని కాపాడగలిగారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగకూడదు, ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ వివరాలు ఇవీ.

దారి ఎటు? దూరం ఎంత?

రాజోలు నుంచి తాటిపాక, పి.గన్నవరం, రావులపాలెం మీదుగా జాతీయ రహదారి ఎక్కి, జొన్నాడ దగ్గర గౌతమి దాటి రాజమహేంద్రవరం చేరాలి. ఇది సుమారు 80 కిలోమీటర్లు. అక్కడి నుంచి కోరుకొండ, గోకవరం మీదుగా రంపచోడవరం మరో 55 కిలోమీటర్లు. రంపచోడవరం నుంచి మారేడుమిల్లి ఇంకో 30 కిలోమీటర్ల లోపే. మొత్తం కలిపి 165 కిలోమీటర్లు అనుకోవచ్చు.

కారులో అయితే మధ్యలో టిఫిన్ ఆపులతో కలిపి నాలుగున్నర నుంచి అయిదు గంటలు పెట్టుకోండి. మ్యాప్ తక్కువ సమయం చూపించినా నమ్మకండి. గోకవరం దాటాక రోడ్డు తీరు మారిపోతుంది. మలుపులు, ఎదురొచ్చే లారీలు, పశువులు, వర్షాకాలంలో రోడ్డు మీదకు జారిన మట్టి, ఇవన్నీ మీ వేగాన్ని తగ్గిస్తాయి.

చూడాల్సినవి ఏవి?

రంపచోడవరానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో రంప జలపాతం ఉంది. మారేడుమిల్లి దాకా వెళ్లే సమయం లేనివాళ్లకు ఇదే దగ్గర. బ్రిటిష్ వాళ్ల మీద మన్యం చేసిన పోరాటాలకు 'రంప పితూరి' అనే పేరు ఈ రంప నుంచే వచ్చింది. 1879లో మొదలైన తిరుగుబాటుకూ, 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటానికీ ఈ అడవులే వేదిక.

మారేడుమిల్లి దాటి భద్రాచలం వెళ్లే ఘాట్ రోడ్డులో కొన్ని కిలోమీటర్లు వెళ్తే జలతరంగిణి వస్తుంది. రోడ్డుకు దగ్గరగా ఉండటంతో ఎక్కువ మంది ఆగేది ఇక్కడే. అదే రోడ్డులో ఇంకా ముందుకు వెళ్లి, పక్కకు తిరిగి, కాసేపు నడిస్తే అమృతధార జలపాతం. చిన్న పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఉంటే ఈ నడక గురించి ముందే ఆలోచించుకోండి. చింతూరు వైపు సోకులేరు వాగు కూడా ఇదే దారిలో కనిపిస్తుంది.

గడ్డి కొండలు, సూర్యోదయం కోసం గుడిస వెళ్లేవాళ్లూ ఉన్నారు. అది మారేడుమిల్లి నుంచి సుమారు 40 కిలోమీటర్ల కొండదారి. మీ సొంత కారుకు సరిపడే రోడ్డు కాదు. స్థానిక జీపులు మాట్లాడుకోవాలి. ముందు రోజు సాయంత్రమే అటవీశాఖ చెక్‌పోస్టులో అనుమతి, రుసుము, లోపలికి వదిలే వేళల గురించి అడిగి తెలుసుకోండి.

ఎప్పుడు వెళ్లాలి?

జలపాతం నిండుగా కనిపించేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. ప్రమాదం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. నీళ్లు తగ్గి ప్రశాంతంగా ఉండేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నవంబరు రెండో వారం నుంచి జనవరి చివరి దాకా ఉన్న కాలం మేలు. జలపాతాల్లో ఇంకా నీరు ఉంటుంది, ఎండ బాధ ఉండదు, రాత్రి చలి బాగుంటుంది. ఎండాకాలంలో చాలా జలపాతాలు సన్నని ధారలుగా మారిపోతాయి.

ఒక మినహాయింపు ఉంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటిన సంగతి రాజోలు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. తుపాను వెళ్లిపోయి మీ ఊళ్లో ఎండ కాసినంత మాత్రాన కొండల్లో పరిస్థితి చక్కబడినట్టు కాదు. నానిపోయిన కొండ చరియలు, పొంగిన వాగులు కుదుటపడటానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. తుపాను తర్వాత కనీసం వారం ఆగండి.

వాతావరణ హెచ్చరిక ఏ జిల్లాది చూడాలి?

చాలామంది ఇక్కడే పొరబడతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగే వరకు రాజోలు, మారేడుమిల్లి రెండూ తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు రాజోలు డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఉంది. మారేడుమిల్లి వేరే జిల్లా. ఫోన్‌లో మీరున్న చోటు ఆధారంగా వచ్చే హెచ్చరిక కోనసీమది. మీరు వెళ్తున్నది మన్యానికి. కాబట్టి 'మౌసమ్' యాప్‌లోనో, వార్తల్లోనో రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు పేర్లతో వెతికి చూడండి.

భారత వాతావరణ శాఖ హెచ్చరికలకు నాలుగు రంగులు వాడుతుంది. ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే వెంటనే చర్యలు తీసుకోవాలి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే దాన్ని భారీ వర్షం అంటారు. 115.6 నుంచి అతిభారీ. 204.4 దాటితే అత్యంత భారీ వర్షం.

జలపాతాలకు వెళ్లేవాళ్లు ఈ రంగులను ఇంకాస్త కఠినంగా చదువుకోవాలి. నారింజ, ఎరుపు ఉంటే ప్రయాణం మానుకోండి. పసుపు ఉంటే వెళ్లినా నీటిలో దిగకండి. మీరు వెళ్లే రోజుతో పాటు ముందు రెండు రోజుల వర్షం కూడా చూడండి. భారీ వర్షాలప్పుడు అధికారులు పర్యాటక ప్రాంతాలను మూసేస్తారు. చెక్‌పోస్టులో వెనక్కి పంపితే వాదించి లాభం లేదు.

పిడుగుల సమాచారానికి 'దామిని' యాప్ ఉంది. విపత్తు హెచ్చరికలకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి 'సచేత్' యాప్ ఉంది. రెండూ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి.

గోదావరి చెప్పి వస్తుంది, కొండవాగు చెప్పదు

కోనసీమ వాళ్లకు నీళ్లు కొత్త కాదు. చిన్నప్పుడే కాలువలో ఈత నేర్చుకున్నవాళ్లు చాలామంది. వరద అంటే ఏమిటో తెలుసు. ఆ ధైర్యమే కొండల్లో మోసం చేసే ప్రమాదం ఉంది.

మన గోదావరి వరద ఎలా వస్తుందో గుర్తుచేసుకోండి. ముందు భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు. తర్వాత ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు టీవీలో వస్తూ ఉంటాయి. లంక గ్రామాల వాళ్లు పశువులను గట్టుకు చేర్చుకోవడానికి, సామాన్లు సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది. నీరు గంట గంటకూ కొంచెం కొంచెం పెరుగుతుంది.

కొండవాగుకు ఇవేవీ లేవు. దానికి బ్యారేజీ లేదు, కొలబద్ద లేదు, మొదటి హెచ్చరిక లేదు. మీరు నిలబడిన చోట ఎండ కాస్తూ ఉండొచ్చు. పైన అయిదారు కిలోమీటర్ల దూరంలో కురిసిన వాన, ఏటవాలు కొండల మీద నుంచి నిమిషాల్లో ఒకే సన్నని దారిలోకి చేరుతుంది. మోకాలి లోతు వాగు నడుము లోతు కావడానికి ఎక్కువ సేపు పట్టదు.

రెండో తేడా వేగం. కాలువలో నడుము లోతు నీటిలో నిలబడగలిగే మనిషిని, వేగంగా పారే అరడుగు నీరు కూడా పడగొట్టగలదు. అడుగు లోతు ప్రవాహం చిన్న కార్లను కదిలిస్తుంది. రెండడుగులైతే చాలా వాహనాలను కొట్టుకుపోయేలా చేస్తుంది. వాగు రోడ్డు మీదుగా పారుతుంటే 'ముందు బండి వెళ్లింది కదా' అని దిగకండి.

మూడోది జలపాతం కిందనుండే మడుగు. పైనుంచి పడే నీరు గాలి బుడగలతో కలిసి తెల్లగా నురుగు కడుతుంది. ఆ నురుగు నీటిలో మనిషి మామూలుగా తేలినట్టు తేలడు. పైగా పడే నీరు మనిషిని కిందకు తొక్కి, మళ్లీ ధార కిందకే లాగుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా అందులోంచి బయటపడలేరు. మడుగు అడుగున ఎక్కడ బండ ఉందో, ఎక్కడ గుండం ఉందో పైకి కనిపించదు. అందుకే పైనుంచి దూకడం అసలే వద్దు.

నాలుగోది పాకుడు. ఎప్పుడూ తడిసే బండల మీద పాకుడు పట్టి ఉంటుంది. ఫొటో కోసం ఒక్క అడుగు వెనక్కి వేసి జారిపడేవాళ్లు ఎక్కువ. చెప్పులతో కాకుండా, పట్టు ఉన్న బూట్లతో వెళ్లండి.

వాగు పెరుగుతోందని ఎలా తెలుస్తుంది?

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఒడ్డుకు, అక్కడి నుంచి ఎత్తైన చోటుకు వెళ్లాలి.

- తేటగా ఉన్న నీరు ఎర్రగానో, బురదగానో మారడం
- ఆకులు, పుల్లలు, కొమ్మలు ఎక్కువగా కొట్టుకురావడం
- నీటి హోరు ఒక్కసారిగా పెరగడం
- ఇందాక పొడిగా కనిపించిన బండ తడవడం, మునగడం
- ఎగువ కొండల వైపు మబ్బు కమ్మడం, ఉరుములు వినిపించడం

దిగే ముందు చిన్న పని చేయండి. నీటి అంచున ఒక రాయిని గుర్తుగా పెట్టుకోండి. పది నిమిషాలకోసారి దాన్ని చూడండి. అది మునిగిందంటే మీ మొదటి హెచ్చరిక అదే. రెండో హెచ్చరిక కోసం ఆగకండి.

బట్టలు, ఫోన్లు, భోజనం అవతలి ఒడ్డున పెట్టకండి. నీరు పెరిగితే చాలామంది ప్రాణాల మీదకు తెచ్చుకునేది వాటి కోసం వెనక్కి వెళ్లేటప్పుడే. పిల్లలను చూసుకోవడానికి ఒక పెద్దమనిషిని ప్రత్యేకంగా నియమించండి. 'అందరం చూస్తున్నాం' అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. మద్యం తాగినవాళ్లను నీటి దగ్గరకు రానివ్వకండి. 'ఇక్కడ దిగొద్దు' అని ఊరివాళ్లు అంటే ఎందుకని వాదించకండి. ఆ వాగును ఏడాది పొడవునా చూసేది వాళ్లే.

ఒక రోజా, రెండు రోజులా?

ఒకే రోజులో వెళ్లి రావాలంటే రాజోలులో తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాలి. అప్పుడు రంప జలపాతం, దారిలో ఒకటి రెండు చోట్లతో సరిపెట్టుకోండి. మారేడుమిల్లి, అమృతధార, సోకులేరు, గుడిస అన్నీ ఒక రోజులో పెట్టుకుంటే, చీకట్లో ఘాట్ రోడ్డు దిగాల్సి వస్తుంది.

రెండు రోజులైతే ఇలా వేసుకోవచ్చు. మొదటి రోజు ఉదయం ఆరు గంటలకు బయల్దేరి, దారిలో రంప జలపాతం చూసుకుని, సాయంత్రం నాలుగులోపు మారేడుమిల్లిలో బసకు చేరండి. రెండో రోజు ఉదయమే జలతరంగిణి, అమృతధార చూడండి. మన్యంలో వాన తరచూ మధ్యాహ్నం తర్వాతే పడుతుంది కాబట్టి నీటి దగ్గర గడిపే సమయం ఉదయం పూట ఉంటే మంచిది. భోజనం చేసి, మధ్యాహ్నం రెండున్నరకల్లా తిరుగు ప్రయాణం మొదలుపెడితే వెలుతురు ఉండగానే గోకవరం దాటొచ్చు.

ఏ ప్రణాళిక వేసుకున్నా అందులో ఒక సమయం మాత్రం ముందే రాసుకోండి. జలపాతం దగ్గర నుంచి వెనక్కి తిరిగే సమయం అది. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. కొండల మధ్య చీకటి ఇంకా ముందే పడుతుంది. నాలుగు గంటలు దాటాక నీటి దగ్గర ఉండకూడదని అందరూ ఇంటి దగ్గరే ఒప్పుకుని బయల్దేరండి. అక్కడికి వెళ్లాక 'ఇంకో పది నిమిషాలు' అనని వాళ్లు ఉండరు.

బస్సులో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. రాజోలులో ఆర్టీసీ డిపో ఉంది. అక్కడి నుంచి రాజమహేంద్రవరం వెళ్లి, గోకవరం, రంపచోడవరం వైపు బస్సు మారాలి. రాజమహేంద్రవరంలో ఆర్టీసీ కాంప్లెక్స్ వేరు, గోకవరం బస్టాండ్ వేరు. మీ తర్వాతి బస్సు ఎక్కడ ఆగుతుందో దిగేటప్పుడే కండక్టర్‌ను అడగండి. భద్రాచలం వెళ్లే కొన్ని బస్సులు మారేడుమిల్లి ఘాట్ మీదుగా వెళ్తాయి.

మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించే స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఇది వర్తిస్తుంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. అయితే అంతర్రాష్ట్ర సర్వీసులకు ఈ పథకం వర్తించదని మార్గదర్శకాల్లో చెప్పారు. భద్రాచలం తెలంగాణలో ఉంది. కాబట్టి ఆ బస్సు ఎక్కేముందు కండక్టర్‌ను అడిగి ఎక్కండి.

బస్సులో వెళ్లేవాళ్లు తిరుగు బస్సు సమయం కనుక్కున్నాకే జలపాతం వైపు కదలాలి. జలపాతాల దగ్గరకు ఆటోలు, జీపులు మాట్లాడుకోవాలి. రానుపోను కలిపి బేరం ఆడండి. డ్రైవర్ ఫోన్ నంబరు తీసుకున్నా, అక్కడ సిగ్నల్ ఉండకపోవచ్చు కాబట్టి తిరిగి వచ్చే సమయం ముందే చెప్పి పంపండి.

బస ఎక్కడ?

మారేడుమిల్లిలో అటవీశాఖ ఆధ్వర్యంలో వన సంరక్షణ సమితి నడిపే 'వనవిహారి' అతిథి గృహం ఉంది. అడవిలో గుడారాల్లో ఉండాలనుకునేవాళ్లకు 'జంగిల్ స్టార్' క్యాంపు ఉంది. పర్యాటకాభివృద్ధి సంస్థ, ఏపీటీడీసీ, గదులు కూడా ఉన్నాయి. ఇవి కాక ప్రైవేటు రిసార్టులు, హోమ్‌స్టేలు వచ్చాయి.

శని, ఆదివారాలు, కార్తీకమాసం, సంక్రాంతి రోజుల్లో గదులు దొరకడం కష్టం. గది ఖాయమయ్యాకే బయల్దేరండి. ప్రైవేటు బసకు ముందుగా డబ్బు పంపేటప్పుడు జాగ్రత్త. సెలవుల సీజన్‌లో రిసార్టుల పేరుతో నకిలీ పేజీలు పెట్టి అడ్వాన్సులు కొట్టేయడం సైబర్ మోసాల్లో ఒకటి. ఫోన్ చేసి మాట్లాడండి. పూర్తి మొత్తం ముందే పంపకండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

ఒక ప్రశ్న తప్పక అడగండి: "గదులు వాగుకు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నాయి?" వాగు ఒడ్డునే గుడారం అంటే ఫొటోలో బాగుంటుంది. రాత్రి వాన పడితే అదే ప్రమాదం.

ఘాట్ రోడ్డు మీద

మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్ రోడ్డు రాష్ట్రంలోనే ప్రమాదకరమైన వాటిలో ఒకటి. 2019 అక్టోబరులో కర్ణాటక యాత్రికుల వాహనం, 2025 డిసెంబరులో చిత్తూరు వైపు నుంచి వచ్చిన యాత్రికుల బస్సు ఈ దారిలోనే ప్రమాదానికి గురై ప్రాణనష్టం జరిగింది. రెండో ప్రమాదం పొగమంచు కాలంలో, తెల్లవారకముందే జరిగింది.

కోనసీమ చదును రోడ్లకు అలవాటుపడ్డ డ్రైవర్లు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి.

- రాత్రి, తెల్లవారుజామున ఘాట్ ఎక్కడం, దిగడం మానుకోండి.
- ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. న్యూట్రల్‌లో దిగడం అసలే వద్దు.
- ఇరుకు చోట ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, మోటారు వాహనాల నిబంధన.
- మలుపు దగ్గర హారన్ కొట్టండి, ఓవర్‌టేక్ చేయకండి.
- మలుపులో బండి ఆపి ఫొటోలు దిగకండి.
- బయల్దేరే ముందు టైర్లు, బ్రేకులు, వైపర్లు, స్టెప్నీ చూపించుకోండి. అద్దె కారు అయితే డ్రైవర్‌కు ఘాట్ అలవాటు ఉందో లేదో అడగండి. ముందు రాత్రి అతను నిద్రపోయాడో లేదో కూడా కనుక్కోండి.

ఫోన్, డబ్బు, పెట్రోలు

రంపచోడవరం దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఘాట్‌లోకి వెళ్లాక చాలా చోట్ల అసలు ఉండదు. మ్యాప్‌ను ఇంటి దగ్గరే ఆఫ్‌లైన్‌లో దాచుకోండి. గది బుకింగ్ రసీదును స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. సిగ్నల్ లేని చోట యూపీఐ పనిచేయదు కాబట్టి జీపుకు, భోజనానికి, పార్కింగుకు సరిపడా నగదు ఉంచుకోండి. చిల్లర నోట్లు మరీ అవసరం. పెట్రోలు గోకవరంలోనో, రంపచోడవరంలోనో నింపుకోండి.

ఇంట్లో ఒకరికి మీ ప్రణాళిక మెసేజ్ చేయండి. బండి నంబరు, వెళ్తున్న చోట్లు, బస పేరు, తిరిగి సిగ్నల్‌లోకి వచ్చే సమయం అందులో ఉండాలి. 'సాయంత్రం ఏడింటికి ఫోన్ రాకపోతే బసకు ఫోన్ చెయ్, ఎనిమిదికి 112కు చెప్పు' అని స్పష్టంగా రాయండి.

ఆరోగ్యం

మన్యం మలేరియా ఉన్న ప్రాంతం. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కాలు వేసుకోండి. దోమల మందు రాసుకోండి. దోమతెర ఉందో లేదో బసలో అడగండి. తిరిగి వచ్చాక వారం, రెండు వారాల్లో జ్వరం వస్తే 'వైరల్ ఏమో' అని ఊరుకోకండి. మారేడుమిల్లి వెళ్లొచ్చామని డాక్టర్‌కు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. కొన్ని రకాల మలేరియా నెలల తర్వాత కూడా బయటపడొచ్చు.

పాము కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయకండి. కరిచిన భాగాన్ని కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మారేడుమిల్లిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. పెద్ద వైద్యం కావాలంటే రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆసుపత్రికి రావాలి. బీపీ, షుగర్ మందులు రెండు రోజులకు అదనంగా పెట్టుకోండి.

అడవిలో ఉన్నారని మర్చిపోకండి

ఈ కొండల్లో ఎక్కువ భాగం రిజర్వు అటవీ ప్రాంతం. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, నిప్పు రాజేయడం నేరం. వంట చేసుకోవాలనుకుంటే అనుమతి ఉన్న చోటే చేసుకోండి. మారేడుమిల్లి బొంగు చికెన్ రుచి చూడాలంటే రోడ్డు పక్క దుకాణాల్లోనే దొరుకుతుంది. దానికోసం అడవిలో వెదురు నరికి మంట పెట్టాల్సిన పని లేదు.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లను దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. ఇంటి నుంచి స్టీలు గ్లాసులు తీసుకెళ్లండి. జలపాతాల దగ్గర పగిలిన సీసాలు తర్వాత వచ్చే పిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయి. మీ చెత్తను సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చేయండి.

ఇవి కొండరెడ్లు, కోయలు నివసించే ఊళ్లు. వాళ్ల ఇళ్లను, మనుషులను అడగకుండా ఫొటోలు తీయకండి. మీరు స్నానం చేస్తున్న వాగు కింది ఊరికి తాగునీరు కావచ్చు. సబ్బులు, షాంపూలు వాడకండి.

ప్రమాదం జరిగితే

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకకండి. ఒకరి కోసం దూకి మరొకరు చనిపోయిన ఘటనలు ఎన్నో. ఒడ్డునే ఉండి తాడు, చున్నీ, పొడవాటి కర్ర అందించండి. ఖాళీ నీళ్ల డబ్బా లాంటి తేలే వస్తువు విసరండి. అందుకే కారులో కనీసం 15 మీటర్ల గట్టి తాడు ఉండాలి. గట్టిగా అరిచి ఊరివాళ్లను పిలవండి.

బయటకు తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం చేయకండి. శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, నోటి ద్వారా శ్వాస ఇవ్వండి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు చొప్పున గట్టిగా నొక్కండి. 30 సార్లు నొక్కి, రెండుసార్లు శ్వాస ఇస్తూ వైద్య సాయం వచ్చేదాకా కొనసాగించండి. కోలుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి చేరిన నీటి ప్రభావం కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు.

ఈ నంబర్లను ఫోన్‌లో మాత్రమే కాకుండా ఒక కాగితం మీద కూడా రాసుకోండి.

- అన్ని అత్యవసరాలకు: 112
- అంబులెన్స్: 108
- రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్: 1070, 1800 425 0101
- సైబర్ మోసాలు: 1930

మీ నెట్‌వర్క్ లేకపోయినా ఆ చోట వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే 112కు ఫోన్ కలిసే అవకాశం ఉంది. ప్రయత్నించండి. అసలు సిగ్నలే లేకపోతే ఒకరిని రోడ్డు మీదకు పంపి, వచ్చే బస్సునో లారీనో ఆపి కబురు పంపండి. చోటు చెప్పేటప్పుడు 'జలపాతం దగ్గర' అంటే సరిపోదు. మారేడుమిల్లి నుంచి ఏ వైపు, ఎన్నో కిలోమీటరు రాయి దగ్గర అని చెప్పండి. వెళ్లేటప్పుడే ఆ రాయిని గమనించి పెట్టుకోండి.

రోడ్డు ప్రమాదం జరిగితే బాధితులకు నగదు చెల్లించకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. పథకం పరిధిలోని ఆసుపత్రుల్లో ఒక్కొక్కరికి రూ.1.5 లక్షల వరకు, ఏడు రోజుల దాకా చికిత్స అందుతుంది. గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది. వివరాలు చెప్పమని బలవంతం చేయకూడదు. కాబట్టి దారిలో ప్రమాదం చూస్తే భయపడకుండా ఆగి సాయం చేయండి.

బయల్దేరే ముందు రాత్రి చూసుకోవాల్సినవి

1. మారేడుమిల్లి, చింతూరు ప్రాంతాలకు నారింజ, ఎరుపు హెచ్చరికలు లేవు కదా?
2. గత రెండు రోజుల్లో అక్కడ భారీ వర్షం పడలేదు కదా?
3. బస వాళ్లకు ఫోన్ చేసి రోడ్డు, వాగులు ఎలా ఉన్నాయో అడిగారా?
4. వెనక్కి తిరిగే సమయం అందరికీ చెప్పారా?
5. ఇంట్లో ఒకరికి ప్రణాళిక మెసేజ్ చేశారా?
6. తాడు, టార్చి, ప్రథమ చికిత్స పెట్టె, మందులు, నగదు, ఆఫ్‌లైన్ మ్యాప్ సిద్ధంగా ఉన్నాయా?
7. పిల్లలను చూసుకునే బాధ్యత ఎవరిదో తేల్చారా?

మొదటి మూడింటిలో ఏ ఒక్కదానికైనా సరైన సమాధానం రాకపోతే ప్రయాణం వాయిదా వేసుకోండి. ఆ రోజుకు దిండిలోనో, అంతర్వేదిలోనో గడపొచ్చు. బస వాళ్లతో మాట్లాడి గదిని వచ్చే వారానికి మార్చుకోండి. వాన వల్ల వాయిదా వేస్తే అడ్వాన్సు ఏమవుతుందన్నది బుక్ చేసేటప్పుడే అడిగి ఉంచుకుంటే, ఆ నిర్ణయం తీసుకోవడం ఇంకా తేలికవుతుంది.